ఎదురెదురు కలిపి సగం

మల్లేశం కాక దినాలు అయిపోయిన నాలుగో రోజు పొద్దున్నే యాదగిరి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. యాదగిరి కాక పెద్ద కొడుకు, శ్రీను చిన్నవాడు. జల్‌పల్లిలో వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. గుండు గీయించుకున్న తలను చేత్తో రాసుకుంటూ, "అక్కా, ఒక పని పడ్డది. మా జాగ కొలవాలె. నేను, శ్రీను రెండు ముక్కలు జేసుకుంటున్నం. అమ్మ ఉండంగనే అయిపోతే మంచిది గద. బయటోళ్లను పిలుసుడెందుకు, నువ్వుండంగ?" అన్నాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక సర్కారు ఆఫీసులో ఇళ్లకూ జాగాలకూ నక్షాలు గీసి రిటైరయ్యాను. కాలనీలో ఎవరింట్లో గోడ లేచినా నా దగ్గరికే వస్తారు. "ఐతారం కొలుద్దం తియ్యి" అన్నాను.

అతను వెళ్లాక అలాగే కూర్చుండిపోయాను. ఆ జాగా ఎంతో నాకు కొలవకుండానే తెలుసు. మా బాపు, ఆయన తమ్ముడు మల్లేశం కాక పంచుకున్న కాగితంలో చెరి నూట ఇరవై గజాలని రాసి ఉంది. మా వైపు నూట ఇరవై ఉంది. కాక వైపు తొంభై ఆరే ఉంది. ఆ కొలత కొలిచినవాడు మా బాపు. తప్పు కొలిచాడని బాపుకు తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలియదు. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు టేపు పట్టుకుని కాక కొడుకుల ముందు నిలబడి ఆ అంకె నేను నోటితో చెప్పాలి, లేదంటే అబద్ధం చెప్పాలి. నిజానికి భయం వేయాలి. ఏమీ వేయలేదు. కాక పోయినప్పటి నుంచీ నాకు ఏదీ అనిపించడం లేదు. శవం లేస్తుంటే వాడకట్టంతా ఏడ్చింది. నేను మాత్రం పాడె పొడుగు ఆరడుగులు, వెడల్పు రెండడుగుల లోపే అని చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలును గిల్లినా తెలియదే, నా మనసు అలా ఉంది.

వైశాల్యాలూ ఘనపరిమాణాలూ నాకు బడికంటే ముందు కిషన్‌బాగ్‌లో మేం అద్దెకున్న రెండు గదుల్లోనే పరిచయమయ్యాయి. ఒక గదిలో మేము, ఒక గదిలో అప్పటికింకా పెళ్లికాని కాక. బాపు తాపీ మేస్త్రీ. కాక ఇళ్లలో షాబాద్ బండలు పరిచే పనివాడు. సాయంత్రం అసర్ నమాజుకు మసీదులో పిలుపు వినబడ్డాక కాసేపటికి అన్నదమ్ములిద్దరూ ఒకే సైకిల్ మీద దిగేవాళ్లు. బాపు ఒంటినుంచి తడి సిమెంటు వాసన వచ్చేది. కాక ఒంటినుంచి కోసిన రాతిపొడి వాసన వచ్చేది, ఆయన వెంట్రుకలు ఆ బూడిదరంగు పొడితో ముసలివాడి జుట్టులా కనబడేవి. నల్లా దగ్గర వంతుకోసం నిలబడి కాళ్లూ చేతులూ కడుక్కునేవాళ్లు. అమ్మ అప్పటికే పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతూ ఉండేది. పుంటికూర తొక్కు, ఎండుమిరపకాయల ఘాటు గది దాటి వాకిట్లోకి వచ్చేది. బాపు తింటున్నంతసేపూ మాట్లాడేవాడు. కాక తింటున్నంతసేపూ వినేవాడు. తిన్నాక గోడకు ఆనుకుని కూర్చుని, బండలు వేసీ వేసీ కాయలు కాసిన మోకాళ్లకు కొబ్బరినూనె రాసుకునేవాడు. ఆ పని నాకు అప్పగిస్తే ఎంతో గొప్పగా ఉండేది. ఆయన మోకాలు మీద చర్మం మా ఇంటి గడప కంటే గట్టిగా ఉండేది.

బాపుకు చదువు రాదు. నాలుగో తరగతి దాకా వెళ్లాననేవాడు కానీ, అమ్మ "గా బడి కాంపౌండు గోడ కట్టెతందుకు వొయినవు" అని ఎగతాళి చేసేది. చదువు లేకపోయినా కొలతలంటే ఆయనకు ప్రాణం. రొట్టె తినడం అయిపోగానే నా చేతికి సుద్దముక్క ఇచ్చి నేలమీద గీయమనేవాడు. పొడుగు ఇంటూ వెడల్పు గది. పొడుగు ఇంటూ వెడల్పు ఇంటూ లోతు సంపు. గుండ్రటి బావి అయితే అడ్డంలో సగం తీసుకో, దాన్ని దానితోనే గుణించు, మూడు రెట్లు చెయ్యి, పైన ఇంకో చెంచాడు వేసుకో. ఆ చెంచాడు ఎంతో ఆయనకు తెలియదు. పైన ఏదో కొంచెం ఉంటుందని మాత్రం తెలుసు. మూలలు తిన్నగా లేని జాగాలకు ఆయన ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుండేది. దాన్ని నాకు మంత్రంలా చెప్పించేవాడు. "నాలుగు దిక్కుల కొలువు. ఎదురెదురు కలిపి సగం జెయ్యి. రెండు సగాలు గుణించు. తొమ్మిదితోని భాగించు. గజాలొస్తయ్. ఎంత వంకర జాగ ఉండనీ, ఇంతే." కిషన్‌బాగ్‌లో, బార్కస్‌లో జాగా కొన్నవాళ్లు, పంచుకునేవాళ్లు బాపునే పిలిచేవాళ్లు. ఒక చాయ్ తాగి, నలుగురి ముందు ఆ సగాలు గుణించి, అంకె చెప్పి వచ్చేవాడు. ఆ రోజు మీసం కొంచెం పైకి లేచి ఉండేది.

నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మాకు లెక్కలు చెప్పడానికి శాంతమ్మ టీచర్ వచ్చింది. చర్చి పక్క వీధిలో ఉండేది, ఎప్పుడూ అంచులేని తెల్లచీరే. ఆమె సూత్రాలు బట్టీ పట్టించేది కాదు. మందపాటి అట్టతో ఒక స్తూపం, అంతే ఎత్తు, అంతే మూతి ఉన్న ఒక శంఖువు చేసుకొచ్చి, జొన్నలు పోయించింది. శంఖువుతో మూడుసార్లు నింపి పోస్తే స్తూపం సరిగ్గా నిండింది. ఒక్క గింజ కింద పడలేదు. క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన నమ్మలేదు. మర్నాడు నన్ను పనికాడికి తీసుకెళ్లి ఇసుక కుప్ప చూపించి, "గిది శంఖువే గద, ఎంతుంటదో చెప్పు" అన్నాడు. చుట్టూ దారంతో కొలిచి, కర్ర గుచ్చి ఎత్తు చూసి, అక్కడే మట్టిలో లెక్కచేసి చెప్పాను. ఆయన పనివాళ్లతో తట్టలు లెక్కపెట్టి ఎత్తిపోయించాడు. నాలుగు తట్టలే తేడా వచ్చింది. "గవి గాలికి వొయినయి తియ్యి" అని ఆ నాలుగు తట్టలనూ నాకు మాఫీ చేశాడు. ఆ రోజు నుంచీ నేను బాపు లెక్కలపిల్లను. బార్కస్‌లో ఒక పెద్దాయన ఇంటికి సంపు కడుతున్నప్పుడు ఆయన అడిగాడు. "రాజయ్య భాయ్, ఇస్మే కిత్నా పానీ ఆతా?" బాపు నా వైపు చూశాడు. ఎనిమిదడుగులు, ఆరడుగులు, అయిదడుగుల లోతు. "ఆరువేల ఎనిమిదివందల లీటర్లొస్తయి" అన్నాను. ఆ పెద్దాయన తోటలోంచి నాలుగు జామకాయలు తెప్పించి నా గౌను ఒడిలో పోశాడు. తిరిగి వస్తున్నంతసేపూ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని జామకాయ కొరుకుతున్నాను, బాపు దారిలో కనబడ్డ ప్రతి మనిషికీ లీటర్లు చెబుతున్నాడు.

జల్‌పల్లిలో జాగా కొన్నది ఆ ఏడే. అప్పుడు అక్కడ ఇళ్లు లేవు. నల్లటి గుండ్లు, సీతాఫలం చెట్లు, మేకలు ఉండేవి. ఇప్పుడు మా వీధిలో ఒక ఇంటి కిటికీ తెరిస్తే ఎదుటింటి గోడకు తగులుతుంది. అమ్మినవాడు గజాల లెక్క కట్టలేదు, ముక్కంతా కలిపి గుత్తగా ఇచ్చాడు. ముందున్న దారి సరిగ్గా ఆ ముక్క నడుమ వంగింది, వెనక దారి కూడా దానిలాగే వంగింది. అందుకని సగం ముక్క నాలుగు మూలలూ తిన్నగా చౌకంగా, సగం ముక్క ఓరగా వాలి ఉండేది. అప్పటికి కాకకు పెళ్లయి చిన్నమ్మ వచ్చింది. బాపు ముక్కను వంపు దగ్గర కోశాడు. చౌకంగా ఉన్నదానికి రెండువైపులా ముప్పై అడుగులు, రెండువైపులా ముప్పై ఆరు. ఓరగా ఉన్నదానికీ ఎదురెదురుగా ముప్పై, ముప్పై, ఎదురెదురుగా ముప్పై ఆరు, ముప్పై ఆరు. "సూడు మల్లేశం, ఎటు కొలిచినా నూట ఇరువై. నేను కోసిన, నువ్వు ఎంచుకో" అన్నాడు. మావాళ్లలో పెద్దవాడు కోస్తే చిన్నవాడు ముందు ఎంచుకోవడం ఆనవాయితీ, అలా చేస్తే పెద్దవాడు మోసం చేయలేడని. కాక చౌకంగా ఉన్నదాన్ని ఒకసారి చూశాడు, బాపును ఒకసారి చూశాడు. "నేను మలుపు దిక్కున్నది తీసుకుంట అన్నా. ఈమె చిన్న కిరాణం పెట్టుకుంటనంటున్నది" అన్నాడు. చిన్నమ్మ కిరాణం ఎప్పుడూ పెట్టలేదు. చౌకమైనది అన్నకు వదలాలని కాక అనుకున్నాడని అమ్మ తర్వాత చాలాసార్లు చెప్పింది.

మా ఇల్లు ముందు లేచింది. నడుమ గోడ మేమే కట్టుకున్నాం, స్లాబు కూడా పడింది. కాక వైపు పునాది నిండి మొరం తొక్కించి ఉంది, గోడలింకా లేవలేదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. త్రిభుజానికి మూడు భుజాలు తెలిస్తే చాలు, ఎత్తు తెలియకపోయినా వైశాల్యం వచ్చే సూత్రం శాంతమ్మ టీచర్ ఆ వారమే చెప్పింది. ఏ చతుర్భుజాన్నయినా కర్ణం గీసి రెండు త్రిభుజాలు చేసుకోవచ్చని చెప్పి, "మీ ఇంటి జాగా కొలుచుకు రండి" అని ఇంటిపని ఇచ్చింది. మా జాగా కొలిచాను, నూట ఇరవై. అది మరీ సులువుగా అయిపోయింది. సరదాగా కాక జాగాకూ చేద్దామనిపించింది. ఆ వెనక మూల నుంచి ఈ ముందు మూలకు మొరం మీద టేపు పరిచాను. ముప్పై అడుగులు. ముప్పై, ముప్పై, ముప్పై ఆరు. నాలుగువందల ముప్పై రెండు చదరపు అడుగులు. అలాంటివి రెండు. తొమ్మిదితో భాగిస్తే తొంభై ఆరు. నేనే తప్పు చేశాననుకున్నాను. మళ్లీ చేశాను. మూడోసారి చేశాను. వేరే కర్ణంతో ఇంకోసారి చేశాను. మధ్యాహ్నమంతా ఆ మొరం మీదే ఎండలో కూర్చున్నాను. తొంభై ఆరు కదలలేదు.

అమ్మకు చెబుదామనుకున్నాను కానీ, అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. బాపుకే చెప్పాను. ఆయన నవ్వాడు. "పిచ్చిపిల్లా, మా ఉస్తాద్ లెక్క తప్పుతదా? నాలుగు దిక్కులు గవ్వే గద? ముప్పై ముప్పై, ముప్పై ఆరు ముప్పై ఆరు. మనదెంతనో గదీ గంతే." సూత్రాలతో ఆయనకు చెప్పలేనని నాకర్థమైంది. కాక ఇంటికోసం తెచ్చిన దర్వాజ చౌకట్టు గోడకు ఆనించి ఉంది. వడ్రంగి ఎప్పుడూ చేసినట్టే అది వంగిపోకుండా మూలకు మూల ఒక పట్టీ కొట్టి ఇచ్చాడు. నేను సుత్తి తెచ్చి ఆ పట్టీ ఊడబీకాను. బాపు "అరె, ఏంది లొల్లి" అని లేచాడు. చౌకట్టును నేలమీద పడుకోబెట్టి ఒక మూల పట్టుకుని తోశాను. కొత్త అతుకులు కదా, కిర్రుమని కొంచెం వాలింది. ఇంకొంచెం తోశాను. "కట్టెలు గవ్వే గద బాపూ. పొడుగు గదే, అడ్డం గదే. ఇప్పుడు దీంట్ల తలుపు పడుతదా?" అన్నాను. ఆయన ముందుకు వంగి చౌకట్టును చూశాడు. తర్వాత పునాది వైపు చూశాడు. మేస్త్రీ ఆయన. పాతికేళ్లుగా వందల చౌకట్లకు మూలకు మూల పట్టీ ఉందో లేదో చూసుకుని నిలబెట్టిన మనిషి. భూమికి కూడా ఆ పట్టీ కావాలని ఒక్కరోజూ తోచలేదు. లేచి నా చేతిలో టేపు తీసుకుని వెళ్లి మొరం మీద మూలకు మూల తనే కొలిచాడు. అక్కడే గొంతుక్కూర్చుని, "ఎంత తక్కువుంది?" అని అడిగాడు.

"ఇరవై నాలుగు. మనం చెరి సగం జేసుకుంటే ఇద్దరికి నూట ఎనిమిది రావాలె. మన గోడ మూడడుగులు ఇటు జరగాలె" అన్నాను. ఈ లెక్క నేను ముందే చేసి పెట్టుకున్నాను. అది చెప్పి మెప్పుకోసం చూశాను కూడా. పద్నాలుగేళ్ల పిల్లకు లెక్క సరిగ్గా వచ్చిందనే సంతోషం తప్ప ఇంకేం తెలుస్తుంది. బాపు మా గోడను చూశాడు. దానిమీద పడిన స్లాబును చూశాడు. లోపల అమ్మ సొంత వంటింట్లో కొత్త అలమారలో గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినబడుతోంది. మూడడుగులంటే ఆ వంటింటి గోడే. లేచి చౌకట్టు దగ్గరికి వచ్చి, దాన్ని తిన్నగా చేసి, ఊడిన పట్టీని మళ్లీ మూలకు మూల పెట్టి మేకులు కొట్టాడు. ఒక మేకు వంగింది. "బిడ్డా, ఎవ్వలకు చెప్పకు. నేనే సరిజేస్త" అన్నాడు. సరే అన్నాను.

సరిచేయలేదు. కాక ఇంటికి గోడలు లేచాయి, బండలు పడ్డాయి, గృహప్రవేశం అయింది. ఆ రోజు బాపు గడప దగ్గరే నిలబడి టెంకాయ కొట్టించి, కడుపునొప్పి అని ఇంటికొచ్చి పడుకున్నాడు. అప్పటినుంచి బతికున్నన్నాళ్లూ తమ్ముడి ఇంట్లో కూర్చోలేదు. పని ఉంటే గడప బయట నిలబడి మాట్లాడి వచ్చేవాడు. చిన్నమ్మ పీట వేస్తే "ఉండనీ, పని ఉంది" అనేవాడు. కాక మిద్దెమీద ఒక గది వేసుకున్నప్పుడు బాపు ఇరవై రోజులు ఊరికే పనిచేశాడు. అప్పుడు కూడా మా మెట్లెక్కి, మా మిద్దెమీదినుంచి గోడ దాటి వెళ్లాడే తప్ప వాళ్ల దర్వాజలోంచి వెళ్లలేదు. వాళ్ల చాయ్ తాగలేదు. నలుగురూ దాన్ని గర్వమన్నారు. అమ్మ కూడా అదే అనుకుంది. ఇంకొకటి కూడా మానేశాడు. ఎవరు వచ్చి పిలిచినా "నాకు కండ్లు సరిగ కనబడుతలెవ్వు భాయ్" అని జాగాలు కొలవడం మానేశాడు. అప్పటికి ఆయన సూదిలో దారం ఎక్కించేవాడు. ఇంతకుముందు తను కొలిచిన జాగాలన్నీ ఆయనకు గుర్తొచ్చేవేమో. మింగలేక కక్కలేక ఎలా బతికాడో నాకు తెలియదు. నాతో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రాత్రి అన్నం దగ్గర సుద్దముక్క ఆట కూడా ఆగిపోయింది.

గోడ అవతల నలుగురు మనుషులు ఒక గదిలో పడుకునేవాళ్లు. మూడడుగులు ముప్పై ఆరు పొడుగునా అంటే నూట ఎనిమిది చదరపు అడుగులు, అంటే తొమ్మిది ఇంటూ పన్నెండు గది. సరిగ్గా ఒక గది. యాదగిరి పరీక్షలకు మా మెట్ల మీద కూర్చుని చదువుకునేవాడు. నేను పక్కన కూర్చుని వాడికి గోళం ఘనపరిమాణం, శంఖువు వైశాల్యం నేర్పాను. చతుర్భుజాలు వచ్చినప్పుడు పేజీ తిప్పేసి, "గిది నీకొచ్చు గద" అన్నాను. బాపు పోయినప్పుడు కాక మా ఇంట్లో నేలమీద కూర్చుని పిల్లాడిలా ఏడ్చాడు. "అన్న నా మీద ఎందుకో మనసు ఇరుసుకున్నడు బిడ్డా. నేనేం జేసిన్నో నాకు ఎరికలేదు" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. బాపు లేడు, ఇచ్చిన మాట ఇంకెవరికోసం. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. బాపు పేరు పాడవుతుందని ఒకటి. అప్పటికి ఆ వంటింట్లో నేను వండుకుంటున్నానని ఒకటి. రోజూ ఆఫీసుకు పోయి ఇతరుల జాగాలకు దశాంశాలతో సహా నక్షా గీసి, సాయంత్రం వచ్చి ఆ గోడకు వీపు ఆనించి చాయ్ తాగేదాన్ని. అలవాటైపోయింది.

ఆదివారం పొద్దున టేపు తీసుకుని వెళ్లాను. ఇప్పటి పిల్లలు ఫోను పట్టుకుని చుట్టూ ఒకసారి నడిస్తే వైశాల్యం దానంతటదే వస్తుందట. శ్రీను అదే అన్నాడు, యాదగిరి కసురుకున్నాడు. ఇల్లు అడ్డం ఉంది, స్లాబు ఇప్పుడు జాగా అంచుల దాకా ఉంది కాబట్టి మిద్దెమీద కొలిచాం. ఒక మూలలో యాదగిరి, ఇంకో మూలలో శ్రీను, నడుమ టేపు. ముప్పై ఆరు. ముప్పై. మళ్లీ ముప్పై ఆరు. మళ్లీ ముప్పై. చివరికి పైగది అడ్డం రాని దిక్కు మూలకు మూల పట్టమన్నాను. యాదగిరి చదివి చెప్పాడు, "ముప్పై, అక్కా". కాగితం తీసుకుని ఆరో తరగతి పిల్లలా అడుగడుగూ రాశాను. ఆ అంకె కింద స్కేలు పెట్టినంత తిన్నగా గీత గీశాను. అందరం కిందికి దిగి వచ్చాం. చిన్నమ్మ గడప లోపల పీట మీద కూర్చుని చేటలో బియ్యం చూస్తోంది. కోడలు నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను చిన్నమ్మ ఎదురుగా నేలమీద కూర్చుని తాగాను.

"తొంభై ఆరు గజాలుంది" అన్నాను.

యాదగిరి కాగితం కోసం లోపలికి వెళ్లబోయి ఆగాడు. "కాగితంల నూట ఇరువై ఉండె గదక్కా?"

"కాగితం తప్పు. మా బాపు తప్పు కొలిచిండు."

"పెద్దబాపు తప్పు కొలుసుడా?" శ్రీను నవ్వబోయి అన్న ముఖం చూసి మానుకున్నాడు. చిన్నమ్మ బియ్యంలోంచి ఒక రాయి ఏరి బయటకు విసిరింది. "తొంభై ఆరే" అంది కొడుకులతో, తల ఎత్తకుండానే. "మీ నాయనకు ఎప్పుడో ఎరికే."

నేను గ్లాసు కింద పెట్టాను. చిన్నమ్మ మెల్లగా చెప్పుకుంటూ పోయింది. ఇంట్లో, ఖాళీ జాగాలో అంతటా బండలు వేద్దామని కాక అన్న చెప్పిన లెక్క ప్రకారమే బండలు తెప్పించాడట. పరుస్తూ పోతే గోడల మందం తీసేసినా ఇంకా చాలా మిగిలాయట. బండలు వేసే మనిషికి చదరపు అడుగు తప్పుతుందా. ఒక పూటంతా మిగిలిన బండల పక్కన కూర్చుని, "అన్న ఉస్తాద్ లెక్క తప్పినట్టుంది" అన్నాడట. అన్న చూస్తే సిగ్గుపడతాడని, మర్నాడు బాపు పనికి వెళ్లేదాకా ఆగి, వాటిని తోపుడుబండి మీద వేసుకుని దుకాణంలో వాపసు ఇచ్చి వచ్చాడట. "ఎవ్వలకు చెప్పకు, అన్నకు అసలే చెప్పకు అని నాతోని ఒట్టేయించుకున్నడు" అంది. "గా తర్వాత నాలుగు రోజులకే గృహప్రవేశం. మీ బాపు లోపట అడుగు వెట్టలే. ఇగ మీ కాకకు ఒకటే ఫికర్. బండి పోంగ అన్న సూసిండు, నేను లెక్క పట్టుకున్ననని మనసు కష్టవెట్టుకున్నడు, గందుకే వస్తలేడు అని. పొయి కాళ్లు మొక్కుతనంటడు, మల్ల గా సంగతి ఎత్తితే అన్నకు ఇంకా సిగ్గయితదని ఆగుతడు. దవాఖానల ఆఖరుకు గూడ గదే. 'అన్న నా ఇంట్ల ఒక్క చాయ్ తాగలే' అన్నడు." చేటను ఒడిలోంచి పక్కన పెట్టింది. "మీ బాపుకు నిజంగ కోపమేనా బిడ్డా? బండి సూసిండా?"

"బండి సూడలే చిన్నమ్మా" అన్నాను. "కాకకు తెల్సని బాపుకు తెల్వదు. తను తప్పు కొలిచినట్టు గృహప్రవేశానికి ముందే తెల్సింది. మొకం చెల్లక రాలే. గంతే. కోపం లేదు." నా గొంతు ఆఫీసులో నక్షా వివరిస్తున్నట్టే ఉంది.

"ఆయనకెట్ల తెల్సింది?"

"నేనే లెక్కజేసి చెప్పిన. తొమ్మిదో తరగతిల."

చిన్నమ్మ చాలాసేపు నన్ను చూసింది. ఆమె లెక్క వేసుకుంటోందని తెలుసు. బాపు పోయాక ఎన్నేళ్లు, కాక మంచాన పడ్డాక ఎన్ని నెలలు, ఆ నెలల్లో ఎన్ని సాయంత్రాలు నేను వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుని మందులు ఇచ్చి వెళ్లానో. యాదగిరి తల వంచుకుని టేపు చుడుతున్నాడు. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమె అరవనైనా అరవలేదు.

"అయితే కోపం లేదని నీకు తెల్సు గద బిడ్డా" అంది. "గోడ అవుతలనే ఉంటివి గద."

తెలుసు అన్నాను. ఆమె గడప పట్టుకుని లేచి, నా ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.